నోటిఫికేషన్ రాని కొలువులు: నగరపాలికల్లో పెద్ద చదువు అడగని పనులు దొరికే దారి

తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఏ చౌరస్తాలో చూసినా రేడియం జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లు నలుగురైదుగురు నిలబడి కనిపిస్తారు. వాళ్ల పని చూసే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్, అందరి నోటా ఎస్‌ఎఫ్‌ఏ, ఫోన్ ఎత్తి ఒక్కొక్కరి మొహం ఫొటో తీసుకుంటే ఆ రోజు హాజరు పడినట్టు. జీహెచ్‌ఎంసీలో రోడ్లు ఊడ్చే పని గ్రూపుల లెక్కన నడుస్తుంది. గ్రూపుకు ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒకరు పని మానేసినా, కన్నుమూసినా ఆ సంగతి ముందు తెలిసేది మిగతా ఆరుగురికి, వాళ్ల ఎస్‌ఎఫ్‌ఏకి. పేపర్లో రాదు, వెబ్‌సైట్లో పెట్టరు. వారం తిరిగేసరికి ఆ చీపురు ఇంకొకరి చేతిలో ఉంటుంది. చాలాసార్లు పోయిన మనిషి కోడలో, కూతురో.

పదో తరగతి కూడా దాటని వాళ్లకు మున్సిపాలిటీలో ఏమైనా పని దొరుకుతుందా అని ఎవరైనా అడిగితే "నోటిఫికేషన్ పడితే పెట్టుకో" అంటారు. గ్రూప్-4కి, టీచర్ పోస్టుకి ఆ సలహా సరిపోతుంది. ఊడ్చేవాళ్లకు, దోమల మందు కొట్టేవాళ్లకు, పార్కు మాలీలకు, చెత్త బండి డ్రైవర్లకు అది దాదాపు పనికిరాదు. గ్రూప్-1 పోస్టుకు సిలబస్ మొదలు రిజర్వేషన్ రోస్టర్ పాయింట్ దాకా అంతా అచ్చువేసి ఉంటుంది. చీపురు పట్టే పనికి ఎవరిని అడగాలో కూడా ఎక్కడా రాసి ఉండదు. అడిగే అర్హత తగ్గేకొద్దీ ఆ ఉద్యోగం గురించిన కాగితం కూడా తగ్గిపోతుంది. చదువు తక్కువున్నవాళ్లకు చేరాల్సిన సమాచారమే అందరికంటే ఎక్కువగా నోటిమాట మీద నడుస్తోంది. ఈ రంగంలో అసలు చిక్కు అది.

ఇది ఒక్కరోజులో ఇలా తయారు కాలేదు. ఒకప్పుడు మున్సిపాలిటీలో మనిషి ఎన్‌ఎంఆర్‌గా, అంటే రోజుకూలీల హాజరు పట్టీ అయిన మస్టర్ రోల్ మీద చేరేవాడు. కొన్నేళ్లు గడిస్తే పర్మనెంట్ అయ్యేవాడు. 1994లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2వ నంబర్ చట్టం తెచ్చి రోజుకూలీ నియామకాలకు తలుపు వేసేసింది. అదే ఏడాది ఏప్రిల్ 22న వచ్చిన జీవో 212 ప్రకారం 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్ల సర్వీసు పూర్తయినవాళ్లను మాత్రం రెగ్యులరైజ్ చేయవచ్చు. ఆ తేదీకి నాలుగేళ్ల పది నెలలు ఉన్నవాళ్ల పరిస్థితి ఏమిటి? కోర్టులే. సర్వీసు ఉండి కూడా మస్టర్ కాగితం దొరకనివాళ్ల పరిస్థితి? వాళ్లకూ కోర్టులే.

తలుపు మూశారు గాని ఊళ్లు పెరగడం ఆగలేదు. 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. ఊడ్చాల్సిన రోడ్డు ఎన్నో రెట్లు పెరిగింది, పర్మనెంట్ పోస్టులు పెరగలేదు. రిటైరైనవాళ్ల స్థానాల్లో చాలావరకు కొత్తవాళ్లను తీసుకోనూ లేదు. ఆ ఖాళీలోకి కాంట్రాక్టరు వచ్చాడు, తర్వాత అతన్నే ఏజెన్సీ అన్నారు, ఆ పద్ధతిని అవుట్‌సోర్సింగ్ అన్నారు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తాత్కాలికంగా చేరినవాళ్లకు పర్మనెంట్ అయ్యే హక్కేమీ రాదని తేల్చాక ప్రభుత్వాలకు ఆ పద్ధతి మరింత సుఖంగా కనిపించింది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి మనుషుల్ని తాత్కాలికంగానే ఉంచేయడం తప్పని అదే కోర్టు 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో మందలించింది. ఆ మందలింపు మన వార్డు ఆఫీసు దాకా వచ్చేసరికి ఎన్నేళ్లు పడుతుందో చూడాలి.

అందుకే ఈ పనులు వెతికేవాళ్లు ముందు అడగాల్సింది "ఏం చదివి ఉండాలి" అని కాదు, "జీతం ఎవరు వేస్తారు" అని. ఒకే పని చేసే, ఒకే రంగు జాకెట్ వేసుకున్న ముగ్గురికి మూడు చోట్ల నుంచి జీతం పడుతుండవచ్చు.

మొదటి మనిషి పర్మనెంట్. ఇక్కడ మార్గం ఇప్పుడు ఒక్కటే, కారుణ్య నియామకం. సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే కుటుంబంలో ఒకరికి పోస్టు ఇచ్చే ఏర్పాటు ఇది. దీనికి మూలం 1977 నాటి జీవో 687. మామూలుగా మరణించిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. దుఃఖంలో ఉండి, ఎవరూ చెప్పక, ఈ గడువు దాటిపోయిన కుటుంబాలు తక్కువేమీ కావు. జీతంలో తేడా ఎంతో లెక్క వేస్తే అర్థమవుతుంది. తెలంగాణలో 2020 పేస్కేళ్ల ప్రకారం అట్టడుగు మూలవేతనం 19,000. హైదరాబాద్‌లో ఇంటి అద్దె భత్యం 24 శాతం, అంటే 4,560. కరువు భత్యం కలపకముందే 23,560 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పేస్కేళ్లలో ఆ మూలవేతనం 20,000.

రెండో మనిషి ఏజెన్సీ మనిషి. తెలంగాణ ప్రభుత్వ శాఖల్లో అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 2021 జూన్‌లో జీవో 60 మూడు మెట్లు పెట్టింది: 15,600, 19,500, 22,750. అటెండర్, వాచ్‌మన్, స్వీపర్ లాంటివాళ్లు మొదటి మెట్టు. డ్రైవరు రెండో మెట్టు. ఈ రెంటి మధ్య తేడా నెలకు 3,900 రూపాయలు. ఏడో తరగతితో ఆగిపోయిన కుర్రాడికి మున్సిపల్ పనుల లోకంలో అన్నిటికంటే లాభసాటి సర్టిఫికెట్ పదో తరగతి మెమో కాదు, డ్రైవింగ్ లైసెన్స్. ఓపెన్ స్కూల్ ఫీజు కట్టే ముందు ఇది ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

ఇక జీహెచ్‌ఎంసీ పారిశుధ్య కార్మికుల జీతం కథ వేరు. అది పేస్కేలు వల్ల కాక సమ్మెల వల్ల, ఎన్నికల వల్ల పెరుగుతూ వచ్చింది. 2015 జూలై సమ్మె తర్వాత 8,500 నుంచి 12,500కి వెళ్లింది. 2020 నవంబర్‌లో, గ్రేటర్ ఎన్నికల ముంగిట, 14,500 నుంచి 17,500 అయింది. ఆ 2015 సమ్మెలోనే ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఏజెన్సీ మనిషిని తీసేయడానికి మెమో కూడా అక్కర్లేదని అప్పుడే అందరికీ తెలిసొచ్చింది.

మూడో మనిషి ఆంధ్రప్రదేశ్‌లో కనిపిస్తాడు. మధ్యవర్తి ఏజెన్సీలను తీసేస్తామని చెప్పి అక్కడి ప్రభుత్వం 2020 జూలైలో అవుట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ఆప్కాస్ అనే సొంత కార్పొరేషన్‌ను మొదలుపెట్టింది. జీతం నేరుగా ఖాతాలో పడుతుంది, కమీషన్ కోత ఉండదు, నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం, మహిళలకు సగం అన్నారు. కోత ఆగిన మాట నిజమే. కానీ జీతం ప్రభుత్వ కార్పొరేషన్ పేరుతో పడేసరికి "మీరు ప్రభుత్వ ఉద్యోగులు" అంటూ తమకు సంక్షేమ పథకాలు ఆపేశారని ఆప్కాస్ సిబ్బంది మొత్తుకున్నారు. పథకాల దగ్గర ప్రభుత్వ ఉద్యోగి, పెన్షన్ దగ్గర కాదు. 2023 డిసెంబర్ 26న మొదలై జనవరి రెండోవారం దాకా సాగిన మున్సిపల్ సమ్మెకు వెనక ఈ చిరాకు కూడా ఉంది. అప్పటికి పారిశుధ్య కార్మికుడికి 15,000 జీతం, 6,000 హెల్త్ అలవెన్స్, కలిపి 21,000. 2025కల్లా ఆప్కాస్‌ను ఉంచాలా తీసేయాలా అన్న చర్చ ప్రభుత్వంలోనే మొదలైంది. కాబట్టి "ఆప్కాస్‌లో చేరితే ఇక పర్మనెంటే" అని ఎవరైనా చెబితే ఆ మాటకు ఏ జీవో అండా లేదు.

పనుల సంగతికి వద్దాం. మున్సిపాలిటీ అంటే చీపురు ఒక్కటే గుర్తొస్తుంది గాని, చదువు అడగని పనులు చాలా విభాగాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. దోమల నివారణ చూసే ఎంటమాలజీ విభాగంలో ఫాగింగ్ మెషీన్ పట్టేవాళ్లు, మురుగుకాల్వల్లో మందు చల్లేవాళ్లు ఉంటారు. వానాకాలం ముందు వీళ్ల అవసరం పెరుగుతుంది. పార్కుల్లో మాలీలు, శ్మశానవాటికల్లో కాపరులు, మున్సిపల్ స్కూళ్లలో ఆయాలు, బస్తీ దవాఖానాల్లో సపోర్ట్ స్టాఫ్. నీళ్ల విభాగంలో వాల్వు తిప్పేవాళ్లు, పంపు ఆపరేటర్లు, ఫిట్టర్ హెల్పర్లు. వీధి దీపాల దగ్గర లైన్ హెల్పర్లు. నీళ్లు, దీపాల పనులకు పేరుకు ఐటీఐ అడుగుతారు, పని తెలిసిన హెల్పర్‌ను కాదనే ఇంజినీర్ మాత్రం అరుదు. హైదరాబాద్‌లో ఈ నీళ్ల పనులు జీహెచ్‌ఎంసీవి కావు, జలమండలివి. ఈ తేడా తెలియక సర్కిల్ ఆఫీసు చుట్టూ నెలల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు.

రెండు పనుల విషయంలో మాత్రం కాస్త ఆగాలి. ఒకటి హైదరాబాద్ స్వచ్ఛ ఆటో. పచ్చటి ఆ టిప్పర్‌ను చూసి అది ఉద్యోగం అనుకుంటారు. 2015లో మొదలుపెట్టినప్పుడే అది డ్రైవరే ఓనరుగా ఉండే పథకం. బండి మీద అప్పు, ఇంటింటికీ వసూలు చేసుకునే నెల డబ్బులు, డీజిల్, రిపేరు అన్నీ అతనివే. నిజానికి అదొక చిన్న వ్యాపారం. బస్తీ మంచిదైతే లాభం, ఖాళీ ప్లాట్ల కాలనీ వస్తే అంతే సంగతులు. రెండోది మ్యాన్‌హోల్ పని. డ్రైనేజీలోకి మనిషిని రక్షణ లేకుండా దింపడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. చేయించినవాడు శిక్షార్హుడు, దిగినవాడు కాదు. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. "ఒక్కసారి దిగు, రేపటి నుంచి పేరు ఎక్కిస్తా" అనే మేస్త్రీ మాట వినకపోతే పోయేది ఏమీ లేదు.

ఇక్కడ కులం మాట ఎత్తకుండా దాటేస్తే ఈ విశ్లేషణ అబద్ధం అవుతుంది. విశాఖ, విజయవాడల్లో రెల్లి వాళ్లు, రెండు రాష్ట్రాల్లోనూ మాదిగ, మాల కుటుంబాలు తరాలుగా ఈ పనిలో ఉన్నాయి. ఖాళీ సంగతి బస్తీ దాటి బయటికి రాకపోవడానికి ఇదొక కారణం. బయటివాళ్లకు అది అడ్డుగోడలా కనిపించవచ్చు. లోపలివాళ్లకు అదొక్కటే ఆస్తి. ఎవరూ ముట్టుకోని రోజుల్లో వాళ్లు పట్టిన చీపురు అది. జీతం బాగుంటే చాలు, మిగతావాళ్లూ వస్తారని 2019లో కోయంబత్తూరు చూపించింది. అక్కడి కార్పొరేషన్ 549 పారిశుధ్య పోస్టులకు పిలిస్తే దాదాపు ఏడు వేల మంది వచ్చారు, వాళ్లలో ఇంజినీర్లూ డిగ్రీవాళ్లూ ఉన్నారు. అవి పర్మనెంట్ పోస్టులు, నోటిఫికేషన్ ఇచ్చిన పోస్టులు. ఆ రెండూ ఉంటే చదువు లేనివాళ్ల కోసం పెట్టిన వరుసలో చదివినవాళ్లు ముందుకొచ్చి నిలబడతారు. మన జిల్లా కోర్టుల అటెండర్ పోస్టులకు పదో తరగతి దాటినవాళ్లు అర్హులు కారని నోటిఫికేషన్లలోనే రాస్తున్నది ఇందుకే. చదువు ఎక్కువైనందుకు తిప్పిపంపే ఉద్యోగం ఉందంటే వింతగా ఉంటుంది గాని, ఏడో తరగతి మనిషికి అది ఒక గొడుగు. నగరపాలికలు ఆ గొడుగు ఎందుకు పట్టవో అడగాల్సిన ప్రశ్నే.

మరి నోటిమాట మీద నడిచే దాన్ని ఎలా పట్టుకోవాలి?

కలెక్టరేట్ నుంచి మొదలుపెట్టడం మంచిది. అవుట్‌సోర్సింగ్ నియామకాల మీద జిల్లా స్థాయిలో కలెక్టర్ ఆధ్వర్యంలో కమిటీ ఉంటుంది. బస్తీ దవాఖానా, కస్తూర్బా స్కూలు, అంగన్‌వాడీ లాంటి చోట్ల ఖాళీలు పడితే ప్రకటన వచ్చేది పెద్ద పేపర్ల మొదటి పేజీలో కాదు, జిల్లా వెబ్‌సైట్‌లో "నోటీసులు" కింద ఉండే "రిక్రూట్‌మెంట్" పేజీలో. గడువు ఒక్కోసారి వారం కూడా ఉండదు. సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి ఆ పేజీ తెరిచి చూసే అలవాటు చేసుకుంటే చాలు. యూట్యూబ్ ఛానళ్లు అరిచే "మున్సిపాలిటీలో పది వేల ఉద్యోగాలు" వీడియోలకంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ కార్డు ఇంకా పనికొస్తుందా? కొంతవరకు. ఖాళీలను ఎక్స్‌ఛేంజీకి తప్పనిసరిగా తెలపాలని 1959లో తెచ్చిన చట్టమే ప్యూన్, వాచ్‌మన్, స్వీపర్ లాంటి పనులను ఆ నిబంధన నుంచి మినహాయించింది. అర్హత తగ్గేకొద్దీ కాగితం మాయమవుతుందన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఎక్స్‌ఛేంజీ పంపినవాళ్లనే తీసుకుంటే చాలదని, పేపర్లో, నోటీసు బోర్డు మీద కూడా ప్రకటించి వచ్చినవాళ్లందరినీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ కేసు మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నుంచి వెళ్లిందే. కార్డు ఉంచుకోవాలి, రెన్యువల్ చేయించాలి, దాని మీదే కూర్చోకూడదు.

తర్వాత వార్డు. హైదరాబాద్‌లో పారిశుధ్యానికి సర్కిల్ స్థాయిలో అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్, ఆయన కింద జవాన్లు, ఎస్‌ఎఫ్‌ఏలు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మున్సిపల్ హెల్త్ ఆఫీసర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్, మేస్త్రీ, పక్కనే వార్డు సచివాలయం. ఖాళీగా వెళ్లి "పని ఉందా సార్" అని అడిగితే "లేదు" అనే వస్తుంది. పేరు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, కుల ధ్రువీకరణ, ఉంటే డ్రైవింగ్ లైసెన్స్ జిరాక్సులు జతచేసి కమిషనర్ పేరుతో ఒక దరఖాస్తు, అర్జీలు తీసుకుని నంబర్ వేసే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి, నంబర్ వేయించుకున్న కాపీ తెచ్చుకుంటే సంగతి వేరు. ఉద్యోగం వస్తుందని హామీ లేదు, కానీ అడిగినట్టు ఒక కాగితం పుడుతుంది. కాగితమే లేని చోట అది చిన్న విషయం కాదు. ఎవరైనా సెలవు మీద ఊరెళ్లినప్పుడు, జాతరలకు, పుష్కరాలకు, బోనాలకు అదనపు మనుషులు కావాల్సి వచ్చినప్పుడు ముందు పిలుపు వెళ్లేది ఇలా కళ్లముందు తిరిగినవాళ్లకే. చాలామంది ఈ లోకంలోకి వచ్చింది ఆ పది రోజుల పని గుమ్మంలోంచే.

ఎక్కువమంది వాడని దారి ఇంకోటి ఉంది, టెండరు. ఏ ఏజెన్సీ ఏ సర్కిల్‌కు ఎంతమంది మనుషుల్ని, ఎంత జీతానికి పెట్టాలో టెండరు పత్రంలో ఉంటుంది, అది ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో దొరుకుతుంది. ఏజెన్సీ మారిన నెలలో మనుషుల లెక్క కొత్తగా రాసుకుంటారు, ఖాళీలు బయటపడతాయి. పత్రం ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల చేత చదివించుకోవాలి. లేదంటే సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, జవాబు 30 రోజుల్లో రావాలి. మంజూరైన పబ్లిక్ హెల్త్ వర్కర్ పోస్టులెన్ని, పనిచేస్తున్నవాళ్లెందరు, ఏజెన్సీ పేరేమిటి, మనిషికి ఎంత చెల్లిస్తున్నారు. ఈ నాలుగు ప్రశ్నలు తెలుగులోనే రాయవచ్చు. నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబు చదివి, తమ ఖాతాలో పడేదాంతో పోల్చుకుని నోరెళ్లబెట్టేవాళ్లు కూడా ఉంటారు.

పొరుగు నగరాలను చూస్తే జాబితాలో పేరు ఎంత విలువైందో తెలుస్తుంది. బెంగళూరులో పౌరకార్మికులనే పారిశుధ్య కార్మికుల్లో తెలుగువాళ్లు చాలామంది, రాయలసీమ నుంచి ఎప్పుడో వలస వెళ్లిన కుటుంబాలు. అక్కడ ముందు కాంట్రాక్టర్లను తప్పించి కార్పొరేషనే నేరుగా జీతం వేయడం మొదలుపెట్టింది, తర్వాత ఆ జాబితాలో ఉన్నవాళ్లను పర్మనెంట్ చేస్తూ వచ్చింది. 2025 మే డే నాడు 12,692 మందికి ఉత్తర్వులు ఇచ్చారు. చదువు అడగలేదు. ఎన్నేళ్లుగా ఊడుస్తున్నారని అడిగారు. చెన్నైలో దీనికి ఉల్టా జరిగింది. 2025 ఆగస్టులో రెండు జోన్ల పారిశుధ్యం ప్రైవేటు కంపెనీకి ఇవ్వడంతో కార్మికులు, వాళ్లలోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి, కార్పొరేషన్ ఆఫీసు ఉండే రిపన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్నారు. నిన్నటిదాకా కార్పొరేషన్ మనుషులు, ఇవాళ కంపెనీ మనుషులు. చీపురు అదే, వీధి అదే.

డబ్బు అడిగేవాళ్ల గురించి. ఈ పనులకు రేటు చెప్పే మధ్యవర్తి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మూడు లక్షలు ఇస్తే పేరు ఎక్కిస్తానంటాడు. లెక్క చూద్దాం. 15,600 జీతంలో 15,000 పరిమితి మీద ఉద్యోగి పీఎఫ్ వాటా 12 శాతం అంటే 1,800 పోతుంది. ఈఎస్ఐ 0.75 శాతం, 117 రూపాయలు. వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 13,533. మూడు లక్షలు తిరిగి రావాలంటే ఒక్క రూపాయి ఖర్చుపెట్టకుండా ఇరవై రెండు నెలలకు పైగా పనిచేయాలి. ఏజెన్సీ కాంట్రాక్టు కాలమే చాలాచోట్ల అంత ఉండదు. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ తర్వాత అధికారికి లంచం ఇవ్వడం కూడా ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే వాళ్లకు రక్షణ ఉంది. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ, అంటే ఏసీబీ, నంబర్ 1064.

ఇంకో రకం మోసం మరీ క్రూరమైనది. నకిలీ ఆర్డరు ఇచ్చి, నిజంగానే రెండు నెలలు పనిచేయించుకుంటారు, "ట్రైనింగ్ జీతం" అని చేతికి నగదు ఇస్తారు. రోడ్డు నిజంది, చీపురు నిజంది, ఎస్‌ఎఫ్‌ఏ నిజం. రికార్డులో మాత్రం మనిషి లేదు. పాత పర్మనెంట్ ఉద్యోగి పేరు మీద బినామీగా పనిచేసేవాళ్లదీ ఇదే బతుకు.

పని దొరికాక మొదటి నెల చూసుకోవాల్సింది అందుకే ముఖ్యం. హాజరు యాప్‌లో సొంత మొహం, సొంత పేరుతో నమోదైందా? పీఎఫ్‌కు మనిషికి ఒక్కటే ఉండే యూఏఎన్ నంబర్, ఈఎస్ఐ నంబర్ ఇచ్చారా? ప్రభుత్వ సేవల ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే నెలనెలా ఉద్యోగి వాటాతో పాటు యజమాని వాటా కూడా కనపడాలి. రెండు వాటాలనూ కార్మికుడి జీతంలోంచే కోసే ఏజెన్సీలు ఉంటాయి, అది చట్టవిరుద్ధం. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత పని చేయించుకున్న సంస్థదేనన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచి ఉన్న సూత్రం. కాబట్టి ఫిర్యాదు కార్మిక శాఖకు ఇచ్చేటప్పుడు ఏజెన్సీ పేరుతో పాటు కార్పొరేషన్ కమిషనర్ పేరూ రాయాలి. ఈఎస్ఐకి 21,000 పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్ పారిశుధ్య కార్మికుడు సరిగ్గా ఆ అంచు మీదే ఉన్నాడు. జీతం అక్కడి నుంచి పెరిగితే ఆసుపత్రి కార్డు పోతుందేమోనని ముందే యూనియన్‌ను అడిగి పెట్టుకోవాలి.

ఏజెన్సీలు మారుతుంటాయి. మారిన ప్రతిసారీ కొత్త ఐడీ కార్డు వస్తుంది, చేరిన తేదీ కొత్తగా పడుతుంది, పాత కార్డు వెనక్కి ఇవ్వమంటారు. ఇచ్చేముందు రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోవాలి. యూఏఎన్ ఒక్కటే, అది మారనివ్వకూడదు. 1993 నవంబర్ 25 లాంటి తేదీ మళ్లీ ఎప్పుడైనా పడితే, ఆ రోజుకు ఎన్నేళ్లయిందో చెప్పడానికి ఎస్‌ఎఫ్‌ఏ ఉండడు, ఏజెన్సీ ఉండదు. పీఎఫ్ పాస్‌బుక్‌లో మొదటి నెల జమ ఉంటుంది.